అయిదో నంబర్ ఖాళీ జెర్సీ

పొద్దుగాల కోరుట్ల బస్సు దిగంగనే జేబా చేసే మొదటి పని, జగిత్యాల కాలేజీ ఆటల ఆఫీసుల ల్యాప్‌టాప్ తెరిచి ఆటగాళ్ల కాళ్లు చూసుడు.

ఇంటర్న్‌షిప్ అంటే మాటలా? కబడ్డీకి, యోగాకు, ఆడపిల్లల ఖోఖోకు పోస్టర్లన్నీ ఆ ఒక్క పిల్లనే చెయ్యాలె. ఆమె క్యారమ్స్ పోస్టర్ అంటిస్తే ముత్యంపేట ముసలోళ్లు కర్రలు పట్టుకోని అచ్చి కాలేజీల సీటు అడిగిండ్రు. నవ్వకుండ్రి, ఆ లైన్ల నేను గూడ నిలబడ్డ.

ఇగ కాళ్ల సంగతి. ఎవనికన్న గల్ఫ్ వీసా ఖాయమైతే పోస్టర్ల వాని కాళ్లు మాయమైతయి. సెలవు మీద ఇంటికస్తే మల్ల మొలుస్తయి. దీనికి ఎవ్వరూ డాక్టర్‌ను పిలువలేదు, మౌల్వీని పిలువలేదు. ఆటల సార్ నర్సింగం టీం కట్టేదే దాన్ని బట్టి.

“సార్, ఎనుక లైన్ల ఇద్దరికి కాళ్లు పోయినయి.”

“అబ్బ! దుబాయా, మస్కటా?”

“గంత వివరం పోస్టర్ల రాదు సార్.”

“సరే, కొత్తోళ్లను పిలుస్త. నువ్వు కింద స్పాన్సర్ల పట్టీ జర మీదికి జరుపు, కాళ్లు లేనిది కనపడకుంట.”

జేబా వాళ్ల అన్న అజ్మల్ ఆ కాలేజీ వాలీబాల్ కెప్టెన్. అతను కొట్టిన దెబ్బకు బంతి ఒకసారి పోయి ధర్మపురి కాడ గోదావరిల పడ్డది. ఆ తడిసిన బంతిని ఈ చేతుల్తోనే పిండిన, ఇంకేం సాక్ష్యం కావాలె?

ఆ ఎండకాలం అజ్మల్‌కు సౌదీ వీసా అచ్చింది. తెల్లారి జేబా పోస్టర్ తెరిచింది. అన్న కాళ్లు ఉన్నయి. బూట్లు, లేసులు, అన్నీ ఉన్నయి. మొఖం లేదు. మెడ లేదు, చేతులు లేవు. అయిదో నంబర్ జెర్సీ గాలి పట్టినట్టు ఉబ్బి, లోపల ఎవ్వరు లేకుంటనే నిలబడ్డది.

నర్సింగం సార్ చూసి టోపీ తీసి చంకల పెట్టుకున్నడు. తప్పించుకున్న సర్కస్ పులిని చెవి పట్టుకోని బోనుల తోలిన మనిషి, కుర్చీ ఎతుక్కోని కూసున్నడు.

“కాళ్లు పోతే మనిషి పోయి అస్తడు బిడ్డా. మనిషే లేకుంటే...”

విమానంల డబ్బాలై అచ్చినోళ్లను మోసిన భుజాలు ఆ దిక్కున ఎవరికి లేవు?

జేబా పాత ఫొటోల నుంచి అన్న తలకాయ కోసి అతికించింది. చాయ తాగి అచ్చేసరికి చెరిగిపోయింది.

“ఇంకో పోరగాని మొఖం పెట్టు,” అన్నడు సార్ మెల్లగ.

“ఇంకో అమ్మ కొడుకునా సార్?”

సార్ కిటికీ దిక్కు తిరిగిండు.

కోరుట్లల ఇంటికి పోయేసరికి అజ్మల్ బ్యాగుల మామిడి తొక్కు సర్దుతున్నడు.

“భాయ్, పోకు. నీ మొఖం పోస్టర్ల నిలుస్తలేదు.”

“అది నీ చదువు తప్పు. అమ్మీ, దీనికి ఎడిటింగ్ రాదు, పెండ్లి చేసెయ్!”

బీడీల చాట పక్కకు పెట్టింది తల్లి తాజున్నీసా. “నోర్ముయ్‌రా. దాని కంప్యూటర్‌కు కానరానోనివి, నా కండ్లకు ఎట్ల కానస్తవు?”

“ఈడ ఏమున్నది అమ్మీ? సిరిసిల్లల బట్టలు నేసే సాంచలు ఆగినయి, చెరుకు మిల్లు ఆగింది. బంతి కొడితే అన్నం పెడ్తరా?”

తాజున్నీసా బీడీల చాట మల్ల ముందటికి గుంజుకున్నది.

మర్నాడు జేబా ఆ జెర్సీనే చెరిపేసింది. ఖాళీగ ఉంటే అది ఎవర్నో ఒకర్ని అడుగుతనే ఉంటది. కోర్టు మీద బూట్లు రెండు మాత్రం ఉంచి ప్రింటుకు పంపింది.

అజ్మల్ శంషాబాద్‌కు కారెక్కిండు. దిగితే కాలేజీ వాలీబాల్ కోర్టు. రైలెక్కిండు, సిరిసిల్ల మీదికెల్లి బస్సెక్కిండు. ఎటు పోయినా దిగేది నెట్ కాడనే. డ్రైవర్లు “మీ చెల్లె పోస్టరా?” అని అడిగి, కిరాయి తీసుకోకుంటనే బండి తిప్పుకున్నరు. వీసా గడువు దాటింది. తాజున్నీసా సేమియా వండి గల్లంత పంచింది. అజ్మల్ చెల్లెతోని మాట బంద్ చేసిండు.

వీసా తెచ్చిన ఏజెంటు ఆ ఖాళీల ఇంకెవర్నో సౌదీ తోలిండు.

చలి మొదలైనంక, కాలేజీ పోస్టర్లు ప్రింటు చేసే ఫ్లెక్సీ షాపాయన పిలిచిండు. “జేబమ్మా, మా పనోడు రాలేదు. అర్జంటుగ ఒక శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కొట్టియ్యి.”

పేరు వీరేందర్, ఊరు ఎల్లారెడ్డిపేట. కాలేజీ మెట్టెక్కనోడు, జేబా ఎన్నడూ చూడనోడు. తల్లి బాలమ్మ షాపు గడప మీద కూసున్నది.

“సౌదీల బిడ్డా,” అన్నది ఆమె, ఎవ్వరూ అడుగకముందే. “కోరుట్ల పిలగాడెవరో పోకుంటే, మా వాని నసీబు తిరిగిందనుకున్నం.”

జేబా చెయ్యి మౌస్ మీద ఆగింది. అలవాటు కొద్ది ఫొటోల కాళ్లు చూసింది. ఉన్నయి. చేతులున్నయి. నవ్వే మొఖం, ఒక్క వెంట్రుక చెరుగకుంట ఉన్నది.

బాలమ్మ కొంగు సదురుకోని లేచింది. “నాకు కండ్లు సరిగ ఆనయి. మా వాడు ఫొటోల మంచిగ పడ్డడా బిడ్డా?”

“పడ్డడమ్మా,” అన్నది జేబా. “మొత్తం పడ్డడు.”