ఆరో గడప

ఆ రోజు ఆదోనిలో ఆ ఇంట్లో ఐదుగురం ఉన్నాం. పత్తి వ్యాపారం చేసే రామసుబ్బయ్య శెట్టి గారు, ఆయన భార్య సుబ్బలక్ష్మి అవ్వ, వాళ్ల కోడలు నవ్యశ్రీ అక్క, మా నాన్న సోమప్ప, నేను. మాది కౌతాళం పక్కన పల్లె. నాన్న వడ్రంగి. పదో తరగతి పరీక్షలు అయిపోయి సెలవులు కాబట్టి నన్ను కూడా పనికి తీసుకుపోతున్నాడు. కొలతలు రాయడం, పలకలకు గరుకు కాగితం రుద్దడం నా పని.

నవ్యశ్రీ అక్క ఫోన్‌లో ఒక బొమ్మ చూపించి, పెరట్లో అలాంటిదే కావాలంది. జానెడు ఎత్తున చెక్కల నేల. అక్క దాన్ని డెక్ అంటుంది, నాన్న చెక్కల అరుగు అంటాడు. పైన కప్పు ఉండదు. ఎండా వానా దాని మీదే.

నెల కిందట కట్టె గురించి మాట్లాడుకున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"వేప ఏస్తే సాలదా సోమప్పా?" అని శెట్టి గారు అడిగారు.

"రెండు వానలకే మెలి తిరుగుతాది సామీ."

"అయితే కొత్త టేకు?"

"ఇప్పుడొచ్చే టేకులో చేవ యాడుంది? సగం తెల్ల కట్టే. చెదలకు పెండ్లి బోజనం పెట్టినట్లే."

శెట్టి గారు నవ్వారు. "మల్ల ఏం కట్టె అంటావప్పా?"

"పాత మద్ది. ఎమ్మిగనూరులో ఒక మట్టిమిద్దె పడగొట్టినారు. అరవై ఏండ్లు ఆరిన కట్టె. దానికి మేకు దిగాలంటే మన సెయ్యి ఏడవాల."

అంతవరకూ చేటలో బియ్యం ఏరుకుంటున్న అవ్వ తల ఎత్తింది. "పాతింటి కట్టె అంటాండావు, గడపలు కలవకుండా సూడు సోమప్పా. ఏ తల్లో పసుపు రాసి మొక్కినాది. దాని మీద మేము కాళ్లు పెట్టుకోని కూసోగూడదు."

"ఆ మాట నాకు సెప్పాల్నా అమ్మా? గడప కట్టె తొక్కే సోట ఎయ్యం. అది మల్లా గడపే కావాల."

మరునాడు ఎమ్మిగనూరు పోయాం. ఆ మిద్దెకు ఆరు వాకిళ్లు ఉండేవట. నాన్న దూలాలు కొలుస్తూ నా చేతికి సుద్దముక్క ఇచ్చి, ఆరు గడపలూ వెతికి, కోతకు పోకుండా గుండ్రాలు పెట్టమన్నాడు. ఐదు దొరికాయి. ఆరోది గోడవారన ఉంది. పసుపు అంచు కొంచెం కనిపిస్తోంది. దాని మీద నలుగురు హమాలీలు కూర్చొని టీ తాగుతున్నారు.

"లేయండన్నా" అంటే చాలు. రెండుసార్లు దగ్గరిదాకా పోయాను. రెండోసారి ఒకాయన, "ఏం పాపా, టీ తాగుతావా?" అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు. తప్పుగా ఏమీ అనలేదు. కానీ నేను వద్దని తల ఊపాను. వాళ్లు లేచాక పెడదామని పక్కకు వచ్చి నిలబడ్డాను. ఇంతలో ట్రాక్టర్ వచ్చింది. అంతా లేచి, ఆ గడపతో సహా చేతికందిన కట్టె చేతికందినట్లు ఎక్కించేశారు.

"ఆరూ దొరికినాయా మహేశీ?" అని నాన్న దూరం నుంచే అరిచాడు.

అంత మందిలో లేదని అరిచి చెప్పడానికి సిగ్గేసింది. కాళ్ల దగ్గర, అదే మందంలో, ఒక ద్వారబంధం పైపట్టె ఉంది. దాని మీద గుండ్రం పెట్టి, "దొరికినాయి నాన్నా" అన్నాను.

కోత మిషన్ నుంచి పలకలు వచ్చిన వారానికి రుద్దుతుంటే, ఒక పలక అంచున, మేకు రంధ్రం చుట్టూ పసుపు కనిపించింది. గోటితో గీకితే పొడి రాలింది. చుట్టూ చూశాను. ఎవరూ లేరు. గరుకు కాగితం రెండు మడతలు పెట్టి, అది పోయేదాకా రుద్దాను. నాన్న వచ్చి ఆ పలకనే వేలితో తడిమి, "అద్దం మాదిరి సేసినావే!" అని మెచ్చుకున్నాడు. ఇంటికి వచ్చి డైరీలో, 'ఈ రోజు పని బాగా జరిగింది' అని రాశాను. డైరీలో కూడా అబద్ధం రాసుకోవడం అదే మొదటిసారి.

ఇక ఆ రోజు. అరుగు పూర్తయింది. అవ్వ కొబ్బరికాయ కొట్టి, కర్పూరం వెలిగించి, అరుగు ముందు ఉత్తకాళ్లతో నిలబడింది. కానీ ఎక్కలేదు.

"సోమప్పా, నీ మాట మీద ఎక్కుతాండా. గడప కట్టె లేదు గదా?"

నాన్న సంచిలోంచి ఉలి తీసి కళ్లకద్దుకున్నాడు. "నా ఉలి మీద ఒట్టమ్మా. ఒక్కటి గూడా లేదు. అన్నీ మా పాపే ఏరింది."

"కూతురు సర్టిఫికెట్ ఇచ్చినాక ఇంకేం కావాల? ఎక్కవే!" అన్నారు శెట్టి గారు.

అవ్వ కుడికాలు ఎత్తింది. ఆ పలక ముందు వరుసలోనే ఉంది. "ఆగవ్వా" అన్నాను. నాకే వినిపించలేదు. అవ్వ పాదం దాని మీద పడింది.

"అవ్వా, అది గడప!"

ఈసారి అందరూ తిరిగారు. హమాలీలు, టీ, సుద్దముక్క, పసుపు. నా కాలివేళ్లను చూస్తూ అన్నీ చెప్పాను.

అవ్వ కాలు వెనక్కి తీసుకొని, వంగి, పలకను తాకి కళ్లకద్దుకుంది. "తెలిసే రుద్దినావా?"

"ఊఁ."

"ఇంత అమాయకంగా ఉంటాదే, ఈ పిల్లేనా?" అంది నవ్యశ్రీ అక్క.

"పోనీలేవే, సిన్నపిల్ల" అన్నారు శెట్టి గారు. "పలక మారిస్తే పోతాది."

"పలక మారిస్తే పోతాది. ఒట్టు యాడికి పోతాది?" అంది అవ్వ.

నాన్న నన్ను తిట్టలేదు. మోకాళ్ల మీద కూర్చొని నాలుగు మరలూ విప్పాడు. పలకను పైకి తీసి, ఎవరి కాలూ తగలకుండా గోడకు నిలబెట్టాడు. రెండో కొస పట్టుకోబోయాను. నాకు అందకుండా తిప్పుకున్నాడు.

"అమ్మా, ఉలి మీద అబద్ధపు ఒట్టు పెట్టినాను."

"నువ్వు తెలిసి పెట్టలేదు గదప్పా."

"ఉలికి అది తెలీదమ్మా. దీన్ని మల్లా పట్టుకోవాలంటే నాకు సెయ్యి రాదు. మీ దేవుని ముందర దీన్ని పసుపునీళ్లతో కడుక్కుంటా."

"లోపలికి రా."

నాన్న కొళాయి దగ్గర కాళ్లు కడుక్కొని, పెరటి గడప దాటి లోపలికి పోయాడు. అవ్వ, శెట్టి గారు, అక్క కూడా పోయారు. పనిముట్ల సంచి ఎప్పుడూ నేనే మోస్తాను. దాన్ని భుజాన వేసుకొని నేనూ వెనకే పోయాను. నేను గడప దగ్గరికి వచ్చేసరికి లోపలి నుంచి నాన్న వెనక్కి తిరిగాడు. నా ముఖం చూడలేదు. నా భుజం మీది సంచి తీసుకొని తన భుజాన వేసుకున్నాడు. తలుపు మూశాడు.