గుమ్మం బయట నోటీసు నెల

జూలై ఒకటో తారీఖు పొద్దున తంకమణి ఒక తెల్లకాగితం తీసుకెళ్లి యజమాని భార్గవన్ ముదలాళి బల్ల మీద పెట్టింది. కేరళలోని కోళికోడులో మిఠాయి వీధి వెనక సందులో ఆయనది మూడంతస్తుల బట్టల కొట్టు. రెండో అంతస్తులోని పెళ్లి పట్టుచీరల విభాగం పదకొండేళ్లుగా తంకమణి చేతుల మీద నడుస్తోంది. కాగితంలో నాలుగే వాక్యాలు. కాళ్లలో నరాలు ఉబ్బి పొద్దస్తమానం నిలబడలేకపోతున్నాను. ఫెరోక్‌లో చేనేత సహకార సంఘం వారి దుకాణంలో కూర్చుని చేసే పని దొరికింది. ఆగస్టు ఒకటిన అక్కడ చేరతాను. అందాకా ఈ నెలంతా ఇక్కడే పనిచేస్తాను.

ముదలాళి చదివి కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు.

"నెల దాకా ఎందుకూ? ఇప్పుడే వెళ్లు."

"నెల ముందు చెప్పాలని పనిలో చేరేనాడు మీరే రాయించుకున్నారు కదా ముదలాళీ."

"నేనే వద్దంటున్నాగా! ఓణం పండగ సరుకు దిగే వేళ. రేపు పోయే మనిషి ఇవాళ మనసు పెట్టి చీర విప్పుతుందా?"

"అయితే ఈ నెల జీతం ఇప్పించండి. వెళ్లిపోతాను."

ఆయన పకపకా నవ్వాడు. "పని చెయ్యకుండా జీతమా? నీ అంతట నువ్వు మానేస్తున్నావు. పైగా నేను ఎదురు కట్నం ఇచ్చి పంపాలా?"

తంకమణికి ఒళ్లు మండింది. రెండేళ్ల కిందట లీల అనే పిల్ల, తల్లికి పక్షవాతం వచ్చిందని ఉన్నపళంగా మానేసి ఊరికి పోతే, నోటీసు ఇవ్వలేదని ఈయనే ఆమెకు రావలసిన నెల జీతం పట్టేసుకున్నాడు. ఆ నియమం ఉన్న కాగితం తంకమణి బీరువాలోనూ ఒకటి ఉంది. ఇరుపక్షాల్లో ఎవరు మానుకున్నా నెల ముందు చెప్పాలి, లేదా నెల జీతం ఇవ్వాలి అని దాని మీద అచ్చుగుద్ది ఉంది.

"లీల దగ్గర ఊడ్చుకున్నప్పుడు ఉన్న నియమం, నాకిచ్చేటప్పుడు లేకుండా ఎక్కడికి పోయింది?" అంది.

"సదానందన్! ఈవిడని కిందకి దింపెయ్" అన్నాడు ముదలాళి.

ఆ సాయంత్రం గంజన్నం, పెసల కూర ముందు పెట్టుకుని కూర్చున్న భర్త చంద్రన్ సంగతంతా విని నిట్టూర్చాడు. ఆయన పనిచేసిన పెంకుల ఫ్యాక్టరీ మూతపడి ఆరేళ్లయింది.

"వదిలెయ్యి తంకం. పెద్దవాళ్లతో మనకెందుకు? మేం నూట ఇరవైమందిమి ఉండీ ఏం చెయ్యగలిగాం? తలొంచుకుని వచ్చేశాం."

"మీరు తలొంచుకుని వచ్చారు కాబట్టి నేనూ వంచాలా?"

చంద్రన్ గిన్నె పక్కకి జరిపి చెయ్యి కడుక్కున్నాడు. అన్నాక ఆమెకే కష్టమనిపించింది గానీ మాట వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు తొమ్మిదిన్నరకల్లా కొట్టువారి మెరూన్ రంగు యూనిఫాం చీర కట్టుకుని గుమ్మం ముందు నిలబడింది. సూపర్‌వైజరు సదానందన్ గొడుగు వేసుకుని బయటికొచ్చాడు.

"చేచీ, అక్కవని చెబుతున్నా. రిజిస్టర్లో నీ పేరు కొట్టేశారు. లోపలికి రానివ్వద్దన్నారు. నా మాట విని ఇంటికెళ్లు."

"రానివ్వకపోవడం ఆయన ఇష్టం. నోటీసు ఇచ్చిన నెలంతా పనికి రావడం నా ధర్మం. నేనొచ్చానని పైన చెప్పు."

పక్క కొట్టు చూరు కింద నిలబడింది. ఆ రోజంతా వాన. ఆ చూరు కిందే లాటరీ టిక్కెట్లు అమ్ముకునే ముసలాయన అప్పుట్టి మధ్యాహ్నం దాకా చూసి, తన ప్లాస్టిక్ స్టూలు ఇటు జరిపాడు.

"నిలబడలేకేగా మానేస్తున్నావు? మళ్లీ ఇక్కడ నిలబడ్డం ఏం తెలివి? కూర్చో."

కూర్చుంది. పదకొండేళ్లలో పని వేళ కూర్చోవడం అదే మొదలు. రాత్రి ఎనిమిదికి కొట్టు మూసేటప్పుడు ఒక నోటు పుస్తకం తీసి, తారీఖు వేసి, ఫలానా వేళ నుంచి ఫలానా వేళ దాకా కొట్టు ముందు ఉన్నానని రాసి, అప్పుట్టితో కింద సంతకం పెట్టించుకుంది. ఆ వారంలోనే లేబరు ఆఫీసులో అర్జీ కూడా పెట్టింది.

నాలుగో రోజు ముదలాళి కారు దిగుతూ ఆగాడు.

"అడుక్కోవాలంటే గుడి మెట్లున్నాయి. నా గుమ్మమే దొరికిందా?"

"అడుక్కునేవాళ్లు ఏది వేస్తే అది పట్టుకుపోతారు ముదలాళీ. నాది అడుక్కోవడం కాదు, అడగడం. నాకు పైసా తక్కువైనా కుదరదు."

కొట్టులో పనిచేసే ఆడపిల్లలు అద్దాల వెనక నుంచి చూసి, ఆయన తల తిప్పగానే చెల్లాచెదురయ్యారు. తంకమణి దగ్గర పని నేర్చుకున్న సుహరా మాత్రం ఒకరోజు టీకి వచ్చినట్టు వచ్చి, పక్కన నిలబడి కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నా వైపు చూడకే పిచ్చిదానా! నీకు ముగ్గురు పిల్లలు. పో లోపలికి" అని కసిరింది తంకమణి.

తొమ్మిదో రోజు జ్వరం వచ్చింది. వాన జల్లుకి చీర తడిసి కాళ్లకి అంటుకుపోయింది. ఏమిటీ పంతం, ఎవరు చూడొచ్చారు అని ఒక్క క్షణం అనిపించింది. మధ్యాహ్నం చంద్రన్ అడక్కుండానే మిరియాల చారు సీసాలో పోసుకుని బస్సెక్కి వచ్చాడు. వదిలెయ్యమని అనలేదు. అప్పుట్టి పక్కన గొంతుక్కూర్చుని, సాయంత్రం దాకా ఆమె మీద గొడుగు పట్టాడు.

పద్నాలుగో తారీఖున కడలుండి నుంచి నఫీసుమ్మ బంధువర్గంతో జీపు దిగింది. మూడేళ్ల కిందట ఆమె పెద్ద కూతురి నిఖాకి చీరలు ఎంచిపెట్టింది తంకమణే. ఇప్పుడు రెండో కూతురిది.

"ఇదేంటి చేచీ, బయట కూర్చున్నావు?"

"నోటీసు నెలలో ఉన్నానుమ్మా. పైకెళ్లి నన్ను పిలిపించమనండి."

నఫీసుమ్మ పైకెళ్లింది. పావుగంటలో ఆమె గొంతు వీధిలోకి వినపడింది. "తంకమణి రాకపోతే నేను జీపెక్కుతాను. మీ ఇష్టం!" ఎనిమిది పట్టుచీరల బేరం. సదానందన్ పరుగెత్తుకుంటూ దిగాడు.

"చేచీ, ఒక్క గంట. నీకు దణ్ణం పెడతా."

"వస్తాను. ముందు హాజరు రిజిస్టరు పట్రా."

"అదెందుకు చేచీ?"

"పేరు లేని మనిషి చీరలెలా చూపిస్తుంది?"

సదానందన్ పైకి చూశాడు, కిందికి చూశాడు. రిజిస్టరు తెచ్చాడు. తంకమణి తన పేరు, తారీఖు, వేళ రాసి సంతకం పెట్టింది. పెళ్లికూతుర్ని పిలిచి, "నా ఫోనులో ఈ పేజీకి ఒక ఫొటో తియ్యమ్మా" అంది. ఆ తర్వాత చెంగు నడుముకి దోపి పైకెళ్లి, ఎప్పటిలాగే, వాళ్లకి నప్పనివి వద్దని చెప్పి, నప్పినవి వెలుగులోకి పట్టుకెళ్లి చూపించి, ఎనిమిదికి తొమ్మిది అమ్మింది. జీపు కదలగానే ముదలాళి వచ్చి గుమ్మం చూపించాడు. ఆమె దిగి వచ్చి మళ్లీ స్టూలు మీద కూర్చుంది.

నెలాఖరున లేబరు ఆఫీసులో విచారణ. ముదలాళి తన వకీలుతో వచ్చాడు. ఆఫీసరు ప్రసన్న నడివయసు మనిషి, ఎదర గుట్టలుగా ఫైళ్లు.

"ఒకటో తారీఖునే చెప్పాపెట్టకుండా మానేసింది మేడం. నిజానికి ఈవిడే మాకు నెల జీతం బాకీ" అన్నాడు వకీలు.

తంకమణి నియమం కాగితం, అప్పుట్టి సంతకాలున్న నోటు పుస్తకం ముందు పెట్టింది. ఆఫీసరు కొట్టు నుంచి తెప్పించిన రిజిస్టరు తిప్పింది. పద్నాలుగో తారీఖు పేజీలో ఒక వరస మీద తెల్లరంగు పూసి ఉంది. తంకమణి ఫోను చాపింది. ఫొటోలో ఆ వరస స్పష్టంగా ఉంది. ఆఫీసరు గోటితో తెల్లరంగు గీకింది. కింద నుంచి తంకమణి సంతకం తోక బయటపడింది.

"మానేసిన మనిషి మీ రిజిస్టర్లో పద్నాలుగున ఎలా సంతకం పెట్టింది?" అని అడిగింది ఆఫీసరు. "పెట్టింది సరే, దాన్ని చెరిపిందెవరు?"

వకీలు ముదలాళి వైపు చూశాడు. ముదలాళి లేచి అతన్ని బయటికి రమ్మన్నాడు.

వాళ్లు బయటికెళ్లి గుసగుసలాడి తిరిగొచ్చారు. ఆమె నెల జీతమంతా, పదమూడు వేల రూపాయలకి చెక్కు, ఒక రసీదు బల్ల మీద పెట్టారు. తంకమణి చెక్కు ముట్టుకోకుండా రసీదు చదివింది. అనారోగ్యం దృష్ట్యా యజమాని దయతో చేసిన సహాయం ముట్టింది అని ఉంది.

"దీని మీద సంతకం పెట్టను."

"డబ్బు అంతే కదమ్మా! మాట ఏదైతేనేం?" అన్నాడు వకీలు.

"ఏదైనా ఒకటే అయితే నేను చెప్పిన మాటే రాయండి. నోటీసు జీతం అని రాయండి. దయ అని రాస్తే రేపు సుహరా మానేసేటప్పుడు మీకు దయ కలగదు. జీతం అంటే మీకు కలిగినా కలగకపోయినా ఇవ్వాల్సిందే."

"పదకొండేళ్లు నా అన్నం తిన్నావు, తంకమణీ" అన్నాడు ముదలాళి.

"నేనమ్మిన చీరలతో మీరూ తిన్నారు. ఆ లెక్క తీద్దామా?"

ఆఫీసరు తల వంచి నవ్వు దాచుకుంది. వకీలు రసీదు తిరగరాశాడు. తంకమణి రెండుసార్లు చదివి సంతకం పెట్టింది.

చెక్కు బ్యాంకులో వేసిన రోజున ఆమె చంద్రన్‌ని వెంటబెట్టుకుని నేరుగా కొట్టుకెళ్లింది. కట్టుకున్నది మెరూన్ చీర కాదు, తన సొంత నీలం నేత చీర. కొనడానికొచ్చిన మనిషిని ఆపే అధికారం వాచ్‌మన్‌కి లేదు. రెండో అంతస్తులో కొనేవాళ్ల కోసం వేసిన మెత్తటి కుర్చీలో కూర్చుంది.

"సదానందా, ఆ పైవరసలో చిలకపచ్చది తియ్యి. దాని పక్కది కూడా."

అద్దాల గదిలోంచి ముదలాళి చూస్తున్నాడు. సదానందన్ ఇరవైమూడు చీరలు విప్పాడు. ఆమె ప్రతిదాని అంచు వేళ్ల మధ్య పట్టి చూసి, జరీలో మోసమెక్కడుందో సుహరాకి వినపడేలా చెప్పింది. చంద్రన్ మొదట బెదురుతూ నిలబడ్డవాడు, పదో చీర దగ్గర తనూ ఒక కుర్చీ లాక్కుని కాలు మీద కాలేసుకున్నాడు.

"ఇంతకీ ఏది కట్టమంటావు చేచీ?" అన్నాడు సదానందన్ చెమట తుడుచుకుంటూ.

"చీరలు సంఘం దుకాణంలో కొనుక్కుంటాను. ఈయనకి ఒళ్లు తుడుచుకునే తువ్వాలు ఒకటివ్వు. గట్టి నేతది."

సుహరా తువ్వాలు తెచ్చి, కాగితంలో చుట్టి, రెండు చేతులా అందించింది. అందిస్తూ వంగి, "చేచీ, నేను చేరిన రోజు రాయించుకున్న కాగితం నా దగ్గర లేదు. కాపీ అడిగితే ఇవ్వాలా?" అంది.

"ఇవ్వాలి" అంది తంకమణి, అద్దాల గదిలోకి వినపడేంత గట్టిగా.