కుటుంబం వాళ్లు కూర్చోవాలి

కోటు చేతిని ఒళ్లో పరుచుకుని, హోదా పట్టీ అంచున కొక్కెం ముల్లు దూర్చి, వెర్నెల్ ఒక్కొక్క కుట్టూ తెంపుతోంది. నాలుగు తెంపడం, ఉఫ్‌మని ఊదడం. దారపు తునకలు లేచి ఆవిడ నల్లటి ముంజేతుల మీదా, రొమ్ము మీదా, చెప్పుల మీదా పడుతున్నాయి. పాత పట్టీ ఊడివచ్చాక దాని కింద బట్ట ఎండ తగలక ముదురు రంగులో మిగిలిపోతుంది. ఆ మచ్చ కనబడకుండా కొత్త పట్టీ కుట్టాలి. కనబడిందంటే కోటు తొడుక్కున్న పిల్ల నిన్నటిదాకా ఏ హోదాలో ఉందో ఊరంతటికీ తెలిసిపోతుంది మరి.

ఆవిడ పొట్టి మనిషి. ఒళ్లు బరువు. మోకాళ్లు రెండూ వాచి గుండ్రంగా ఉంటాయి. కళ్లద్దాలకు తాడు తెగితే బూటు లేసు కట్టుకుంది, అది అలాగే ఉండిపోయింది. ఎడమచేతి చూపుడువేలి గోరు మధ్యలో సూది దిగిన గుర్తు ఉంటుంది. అది రొషెల్ కడుపులో ఉన్నప్పటి దెబ్బ. నొప్పికి కేక వేస్తే లోపల బిడ్డ తన్నిందని ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

కంటోన్మెంటు గేటు ముందు రోడ్డు దాటితే వరసగా కొట్లు. క్షవరం కొట్టు, తాకట్టు కొట్టు, బూట్ల కొట్టు, ఆపైన వెర్నెల్ కుట్టుకొట్టు. దానికి రెండు గడపల అవతల సైన్యంలో చేర్చుకునే ఆఫీసు. దాని అద్దం మీద ముఖానికి మసిరంగు పూసుకున్న ఆడపిల్ల బొమ్మ ఒకటి అతికించి ఉంటుంది. అటు వెళ్లాల్సి వస్తే వెర్నెల్ రోడ్డు మీద కార్లను చూసుకుంటూ నడిచేస్తుంది.

మనవరాలు జనాయా పొడుగాటి పెట్టుడు గోళ్ల చేత్తో వెనక గదిలో ఇస్త్రీ చేస్తోంది. ఆవిరి బుస్సుమంటోంది. వేసవిలో పద్దెనిమిది నిండాయి ఆ పిల్లకి. పళ్ల డాక్టరుకు సహాయకురాలయ్యే చదువులో చేరతానని చెప్పింది. వెర్నెల్ చర్చిలో అందరికీ ఆ మాటే చెప్పుకుంది. అయితే ఈమధ్య పిల్ల తెల్లారకముందే లేచి బూట్లు కట్టుకుని పైన్ చెట్ల వెంబడి పరుగెత్తి వస్తోంది. ఒళ్లు తగ్గడానికట. తగ్గడానికి ఆ ఒంట్లో ఏముంది గనక? ఒక్క మాట అడగాలి. పొద్దున మొక్కజొన్న రవ్వ జావలో వెన్న వేస్తూ అడగబోయింది. నోరు తెరిచి, ఉప్పు సరిపోయిందా అని అడిగింది.

చర్చిలో పాడే బృందం అంగీ అంచు మడతకు ఇచ్చిన ఎర్లీన్ వచ్చింది. చర్చి స్నేహితురాలు. పెద్ద టోపీ, దాని మీద గుడ్డపూలు.

"ఇవాళ బుధవారం కదూ?" అంది ఎర్లీన్, గోడనున్న టీవీ వంక కోపంగా చూస్తూ.

"అవును."

"ఆ మంత్రగత్తెల సీరియల్ పెడతావు మళ్లీ. దేవుడి బిడ్డవు అయ్యుండి! ఆ పొగలేంటి, ఆ మంత్రాలేంటి, మళ్లీ వాళ్లకి మన దేశం యూనిఫారం ఒకటి!"

"ఆ మంత్రగత్తెలకన్నా నీ టోపీని చూస్తేనే నాకు దడ పుడుతుందే ఎర్లీన్."

వెనక గదిలోంచి జనాయా నవ్వు వినిపించింది. ఎర్లీన్ కూడా ఆపుకోలేక నవ్వి, అంగీ తీసుకుని, పోతూ పోతూ గుమ్మంలో ఆగింది.

"చివరికి ఆ కురచ పిల్ల బతుకుతుందా, చస్తుందా?" అని గొంతు తగ్గించి అడిగింది.

"ఇవాళ తెలుస్తుంది."

"రేపు ఫోన్ చెయ్యి. నేను చూడనుగా."

ఆ సీరియల్ అలవాటు ఎలా మొదలైందంటే, సార్జెంట్ ఒకాంపో ఒకనాడు పంట్లాం పొడుగు సరిచేయించుకోడానికి వచ్చింది. టీవీలో అది వస్తోంది. పంట్లాం అయిపోయినా మనిషి లేవలేదు. సైనికులుండే బారకాసులో టీవీ ఎప్పుడూ ఫుట్‌బాల్ చూసే మగపిల్లల చేతిలోనే ఉంటుందని చెప్పింది. మరుసటి బుధవారం ఇంకో పిల్లను తీసుకొచ్చింది, ఆ పై బుధవారం ఇద్దరిని. కొట్టు మూసే వేళకు వచ్చి గుడ్డల మూటల మీదా, కొలతల బల్ల మీదా, నేల మీదా కూర్చుంటారు. ఎవరో ఒకరు ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు తెస్తారు. వెర్నెల్ తీపి టీ కలిపి కూజాలో ఐసు వేసి ఉంచుతుంది. ఆడవాళ్లు యూనిఫారంలో అంత గట్టిగా నవ్వడం ఆ కొట్లో చాలా ఏళ్లుగా లేదు. రొషెల్ పోయినప్పటినుంచీ లేదు.

రొషెల్ ఆవిడ ఒక్కగానొక్క కూతురు. సైన్యంలో లారీ నడిపేది. ఎక్కడో ఎడారి దేశంలో పోయింది. బాంబు కాదు, తూటా కాదు. కాలవగట్టు విరిగి లారీ బోల్తాపడింది. అప్పటికి జనాయాకు నాలుగేళ్లు. సమాధి దగ్గర నీలం ముఖమల్ తొడుగులు వేసిన కుర్చీలు వరసగా వేశారు. వెర్నెల్ నిలబడే ఉంటానంది. ఒక కుర్రాడు, అధికారి, తెల్లటి చేతితొడుగులతో వంగి, "అమ్మా, కుటుంబం వాళ్లు కూర్చోవాలి" అన్నాడు మెల్లగా. కూర్చుంది. జనాయా పక్క కుర్చీలో. పిల్ల కాళ్లు నేలకు అందక ఊగుతున్నాయి. బూరా ఊదారు. యూనిఫారంలో ఉన్నవాళ్లందరూ కర్రల్లా నిలబడిపోయారు. జెండా మడిచి తెచ్చి ఒళ్లో పెట్టారు.

ఇక అప్పటినుంచీ ఆ బూరా ఎక్కడ వినబడినా, రేడియోలో అయినా, సినిమాలో అయినా, వెర్నెల్ ఉన్నచోట కూర్చునే ఉంటుంది. నడుస్తుంటే గోడ పక్కన కూర్చుంటుంది. జనాయా కూడా అమ్మమ్మ పక్కన కూర్చుంటుంది. ఎవరూ పెట్టిన నియమం కాదు. వాళ్లిద్దరి మధ్యా అలా ఉండిపోయింది. సీరియల్లో బూరా మోగినప్పుడల్లా ఈ ఆడపిల్లలు మాత్రం టీవీ అని మరిచిపోయి చటుక్కున లేచి నిలబడతారు. వేరుశెనగ తొక్కలు ఒళ్లోంచి నేలరాలతాయి. తర్వాత ఒకళ్లనొకళ్లు చూసుకుని సిగ్గుతో నవ్వుకుంటారు. "మంత్రగత్తెలకు కూడా మర్యాదేనా సార్జెంట్?" అని ప్రూయిట్ అనే చిన్న పిల్ల ఎగతాళి చేస్తుంది. ఆమే అందరికన్నా ముందు లేస్తుంది.

పొద్దు వాలింది. తలుపుకు మూసి ఉందన్న పలక తగిలించారు. సీరియల్ మొదలైంది.

కథలో ఆడపిల్లలు నోటితో పొగమంచు వదిలి శత్రువు కళ్లు కప్పుతారు. సైన్యంలో చేరిన రోజున తమ నీడను సామాను కొట్లో అప్పజెప్పాలి. అక్కడి ముసలావిడ దాన్ని దుప్పటి మడిచినట్టు మడిచి, పేరు రాసిన చీటీ కట్టి, అలమారలో పెడుతుంది. కొలువు అయిపోయినరోజున తిరిగి ఇస్తుంది.

"మన స్టోరులో ఇచ్చి చూడు నీ నీడ! ఇంకొకరి నీడ చేతిలో పెడతాడు" అంది ప్రూయిట్. "నాకు రెండు ఎడమకాలి బూట్లే ఇచ్చాడు ఆ మహానుభావుడు."

"జుట్టు చూడండి, జుట్టు!" సార్జెంట్ ఒకాంపో గింజ నోట్లో వేసుకుని వేలు చూపించింది. "విరబోసుకుని, ఆ పొడుగు గోళ్లేసుకుని కవాతు చేస్తోంది. మా కెప్టెన్ కంటబడితే దాంతో సాయంత్రందాకా దండీలు తీయిస్తుంది."

"మంత్రగత్తె కదా సార్జెంట్, జుట్టు కట్టేస్తే మంత్రం ఎక్కడ దాచుకుంటుంది?"

"కందకంలో పెదాలకు రంగేమిటే? మనం దిగినప్పుడు పళ్లు తోముకోడానికే నీళ్లు లేవు."

"అబ్బ, చూడనివ్వండే! ఊరికే వంకలు పెట్టేదానికి వారం వారం ఎందుకొస్తారు?" అంది వెర్నెల్.

"వంకలు పెట్టడానికేగా వెర్నెలమ్మా!"

నవ్వులు. కానీ కురచ పిల్ల మంచు వదులుతూ వదులుతూ ఊపిరి చాలక మోకాళ్ల మీద కూలిపోయేసరికి నవ్వు ఆగిపోయింది. ప్రూయిట్ దిండు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత ఒక పల్లెటూరి ఇల్లు. తలుపు తీసిన తల్లి. గుమ్మంలో ఇద్దరు అధికారులు. వాళ్ల చేతుల్లో మడిచిన నీడ. తల్లి దాన్ని తీసుకుని వాసన చూసింది.

వాసన చూస్తుందని ఈ కథ రాసినవాళ్లకు ఎలా తెలిసిందో వెర్నెల్‌కు అర్థం కాలేదు.

బూరా మోగింది.

అందరూ లేచారు. తొక్కలు రాలాయి. ఈసారి ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు. వెర్నెల్ కూర్చునే ఉంది, కుర్చీ చేతులు పట్టుకుని. పక్క కుర్చీ కిర్రుమంది. తల తిప్పితే జనాయా మోచెయ్యి కనబడాల్సిన చోట జనాయా నడుము కనబడింది.

పిల్ల నిలబడి ఉంది. మడమలు రెండూ కలిసి ఉన్నాయి. గడ్డం నేలకు సమంగా ఉంది. చేతులు పక్కలకు దించి, బొటనవేళ్లు పంట్లాం కుట్టు మీద ఆనించి ఉంది. చూసి నేర్చుకుంటే బొటనవేలు అంత తిన్నగా కుట్టు మీదకు రాదు. ఎవరో పక్కన నిలబడి దిద్ది ఉండాలి.

ప్రూయిట్ చూసింది, నోరు తెరవబోయింది. సార్జెంట్ ఒకాంపో ఆమె చెయ్యి పట్టుకుని నొక్కింది. బూరా ఆగాక సార్జెంట్ టోపీ తీసుకుంది.

"పదండి."

"ఇంకా అయిపోలేదు కదా సార్జెంట్?"

"అయిపోయింది. పదండి."

వెళ్తూ వెళ్తూ ఒక్కొక్కరూ వెర్నెల్ భుజం ముట్టుకున్నారు. టీవీలో ఇంకా ఏదో మాట్లాడుతున్నారు. వెర్నెల్ దాన్ని ఆపేసింది. చీపురు తీసుకుని తొక్కలు ఊడవసాగింది. జనాయా చీపురు అందుకోబోతే ఇవ్వలేదు.

"ఎప్పుడు?" అంది నేలకేసి చూస్తూ.

"రేపు పొద్దున్నే. కారు వస్తుంది."

"రేపా! నాతో ఎప్పుడు చెబుదామనుకున్నావు? కారెక్కాకా?"

"రోజూ అనుకున్నాను అమ్మమ్మా. రోజూ నువ్వు ఉప్పు సరిపోయిందా అనేదానివి."

చీపురు ఆగింది.

"ఈ సీరియలే కదూ! ఎర్లీన్ చెప్తూనే ఉంది. దెయ్యాల కథ ఇంట్లో పెట్టుకుని చేతులారా నేనే..."

"సీరియల్ కాదు అమ్మమ్మా. అదంతా అబద్ధమని సార్జెంట్ ప్రతివారం చెప్తూనే ఉందిగా." జనాయా మూట మీద కూర్చుని మోకాళ్లు దగ్గరకు లాక్కుంది. "నాకు అమ్మ గొంతు గుర్తులేదు. ఫొటోలున్నాయి, గొంతు లేదు. వీళ్లు బుధవారం వచ్చి తిట్టుకుంటూ నవ్వుతుంటే, అమ్మ కూడా ఇలాగే తిట్టేదేమో అనిపిస్తుంది. టీవీ ఎవరు చూశారు? నేను వాళ్లనే వింటున్నాను."

వెర్నెల్ చీపురు గోడకు ఆనించి పక్కన కూర్చుంది. ఏడాదిగా తీపి టీ కలిపి, ఐసు వేసి, ఆ ఆడవాళ్లను ఎందుకు కూర్చోబెడుతోందో తనకు మాత్రం తెలియదా?

"బూతులు తిట్టేది మీ అమ్మ" అంది. "ప్రూయిట్ ఎందుకూ పనికిరాదు దాని ముందు. కుళాయి తిరగకపోతే కుళాయినే తిట్టేది."

"ఎలా?"

చెప్పింది. చర్చికి పోయే మనిషి నోట రాకూడని మాటలన్నీ ఒక్కటీ వదలకుండా, కూతురి యాసతో సహా చెప్పింది. పిల్ల కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ అమ్మమ్మ ఒళ్లో తలపెట్టుకుంది. తర్వాత నవ్వు ఆగిపోయినా తల తియ్యలేదు.

తెల్లారింది. మంచు ఇంకా పైన్ చెట్ల మధ్యే ఉంది. జనాయా వెనక గది సర్దివస్తానని కొట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు. వచ్చాక చిన్న సంచీ ఒకటి భుజానికి తగిలించుకుంది. వెర్నెల్ కొట్టు ముందు బెంచీ మీద కూర్చుంది. కారులోంచి ఆఫీసు మనిషి దిగి, మర్యాదగా టోపీ సర్దుకుని, సంచీ అందుకున్నాడు. అంతలో గోడ అవతల కంటోన్మెంటులో పొద్దుటి బూరా మోగింది. అతను సంచీ కింద పెట్టి జెండా వైపు తిరిగి నిలబడ్డాడు. జనాయా కూడా తిరిగింది. కానీ కళ్లు మాత్రం బెంచీ వైపే ఉన్నాయి.

వెర్నెల్ కూర్చునే ఉంది. కూర్చుని ఆలోచించింది. కుర్చీలు వేసేది పోయినవాళ్ల కుటుంబానికి. ఈ పిల్ల నా ముందు నిలబడి ఉంది, బూటు లేసు వదులుగా కట్టుకుని, జావ తిన్న గిన్నె కూడా కడగకుండా.

బెంచీ అంచు పట్టుకుని, వాచిన మోకాళ్లను ఒకదాని తర్వాత ఒకటి నిటారు చేసి, ఆవిడ లేచి నిలబడింది. బూరా ఆగేదాకా నిలబడింది. కారు మలుపు తిరిగేదాకా కూడా నిలబడింది.

తర్వాత తలుపు తీసి, దీపం వేసి, మిషను దగ్గరకు వెళ్లింది. విడి గుండీలు వేసుకునే సాసరులో గుండీలు పక్కకు జరిపి ఉన్నాయి. మధ్యలో జనాయా చేతి పెట్టుడు గోళ్లు, నిగనిగలాడే ఊదా రంగువి, పొడుగాటివి, చిటికెనవేలి నుంచి బొటనవేలి దాకా వరస తప్పకుండా పేర్చి ఉన్నాయి, లోపలి వైపు జిగురు ఇంకా తడిగా.