నానబోసిన విత్తనం

మా కోడలు బంగారం. కాదని ఎవరన్నా అంటే ఊరుకోను. అయినా ఆ రోజు మాత్రం దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను.

చిక్కుడు గింజలు అమ్మేముందు చేటలో పోసి ఏరడం నా పని. షావుకారుకు అన్నీ తెల్లగా, ఒకే సైజులో ఉండాలి. వాటిలో అక్కడక్కడా కలిసొచ్చే ఎర్రవి, నల్లవి, చారలవి పక్కకు తీసి ఒక బిస్కెట్ డబ్బాలో దాచేదాన్ని. మా అత్తగారు నేర్పిన అలవాటు. నా కొడుకు దానికి 'చాదస్తం డబ్బా' అని పేరు పెట్టి, పొలమంతా తెల్లవే వేసేవాడు. అప్పటికే రెండు పంటలు తెగులుకు పోయాయి. ఇదీ పోతే పొలం ఇటుకబట్టీకి ఇచ్చేస్తానని తేల్చి చెప్పాడు. మట్టి తవ్వుకుపోయాక అదింకేం పొలం? నాకు అన్నం సయించలేదు.

వాడు విత్తిన మర్నాడే కోడలు ఆ డబ్బా మొత్తం కూరకని నానబోసింది. అవి విత్తనాలని దానికి తెలియదు, నేనూ ఎప్పుడూ చెప్పలేదు. నానిన గింజను దాచలేం. వండాలి, లేదా నాటాలి. తిట్టీ తిట్టీ, తట్ట చంకన పెట్టుకుని వెళ్లి కంచె పొడవునా గుచ్చేశాను. కోడలు కళ్లు తుడుచుకుంటూనే నీళ్లు పోసింది.

పూత మీద తెగులు రానే వచ్చింది. వారం తిరక్కుండా పొలం మాడిపోయింది. కంచె మీద ఎర్రవి వాడిపోతూనే నాలుగు కాయలిచ్చాయి, నల్లవి సగం నిలిచాయి. చారలవి మాత్రం తమకేమీ తెలియనట్టు గుత్తులు గుత్తులుగా కాశాయి. చుట్టుపక్కల పొలాలన్నీ పోయాయి కాబట్టి తెగులును తట్టుకున్న గింజ మా కంచె మీదే ఉంది. చారల గింజంటే మూతి విరిచే షావుకారు మా గుమ్మంలో గంటసేపు కూర్చుని విత్తనం ఇమ్మని బతిమాలాడు. ముందు మంచినీళ్లు తాగమన్నాను. వాడిచ్చిన బయానాతో వచ్చే పంట ఖర్చు గట్టెక్కింది. ఇటుకబట్టీ మాట మా ఇంట్లో మళ్లీ వినపడలేదు.

అంతా అయ్యాక నా కొడుకు చేట ముందేసుకుని చారలవి ఏరుతూ, "అమ్మా, ఈసారి పొలమంతా ఇవే," అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"తెల్లవాటినీ ఇలాగే అన్నావు కదరా. ఈ తెగులు చారలవాటిని వదిలింది. వచ్చే తెగులు దేన్ని వదులుతుందో నీకు చెప్పి వస్తుందా?"

వాడు ఏరినవి మళ్లీ కలిపేసి, ఇంట్లో మిగిలిన తెల్లవీ పోసి, డబ్బా నింపి మూత బిగించి పెళ్లాం చేతికిచ్చాడు. "ఇది విత్తనం. నానబోయకు," అన్నాడు.

"నానబోయబట్టే కదా పొలం మిగిలింది," అంది నా కోడలు.

చెప్పానుగా, బంగారమని.