మాడు మీది ఆముదం

గోదావరి పొంగి భద్రాచలం దారి మునిగిన ఏడు అది.

ఖమ్మం మిషన్ దవాఖానాలో లూకా పసికందుల వార్డు పనివాడు. మాటలు తక్కువ. సబ్బునీళ్లకు వేళ్లు ఎప్పుడూ ముడతలు పడి తెల్లగా ఉంటాయి. ఆ ఉదయం గోరువెచ్చని నీళ్లలో దూది ముంచి, టేకులపల్లి తండా నుంచి వచ్చిన ప్రమీల బిడ్డ తల తుడుస్తున్నాడు. పుట్టగానే ఏడవని పిల్ల. తుడిచిన చోట సిస్టర్ ఫ్లోరెన్స్ సన్నని తీగలు అంటించింది. మిషను మీద గీత కదిలింది. మెదడు పనిచేస్తుంటే గీత లేస్తూ పడుతూ ఉంటుందట. సాయంత్రం దాకా అలాగే ఉంటే ఆశ ఉందన్నాడు డాక్టర్.

మధ్యాహ్నం పిల్ల నానమ్మ కమ్లిని లోపలికి రానిచ్చారు. కాసేపటికి తీగ ఊడిందని మిషను కూసింది. తీగలు జారి ఉన్నాయి, పిల్ల మాడు నిగనిగలాడుతోంది.

"చేతులు కడుక్కొని రమ్మంటే ఆముదం తెచ్చినవా అవ్వా? ఇది దవాఖానా అనుకున్నవా, మంగలి దుకాణమా?" అంది ఫ్లోరెన్స్.

"మాడు ఎండితే పిల్ల నిలవదు బిడ్డా."

లూకా నూనె తుడిచాడు. తీగలు మళ్లీ అంటించినా గీత లేవలేదు. డాక్టర్ మిషనులో వెనకటి గీతలు చూసి, ఫ్లోరెన్స్‌తో ఇంగ్లీషులో ఏదో చెప్పి వెళ్లాడు. పొద్దు వాలేసరికి పిల్ల పోయింది.

కమ్లి వరండాలో చేతులు రెండూ కొంగులో చుట్టుకుని కూర్చుంది. డాక్టర్ ఏమన్నాడో ఫ్లోరెన్స్‌ను అడిగి తెలుసుకుని లూకా ఆమె దగ్గరికి వచ్చాడు.

"నా నూనెతోనేనా తమ్మీ?"

"కాదక్కా. నువ్వు లోపలికి రాకముందే గీత పడిపోయిందట. మిషన్ల ఉంది, డాక్టర్ చూసిండు."

"నిజంగనా?"

"అవ్."

ఆమె కొంగు విప్పి చేతులు చాచింది. లూకా పిల్లను తెచ్చి ఆ చేతుల్లో పెట్టాడు.

రాత్రి డ్యూటీ కూడా చేసి మర్నాడు పొద్దున ఇంటికి వెళ్లాడు. భార్య విశ్రాంతమ్మ టీ పోసింది. వాళ్ల తొలిచూలు కొడుకు, ఆమె స్నానం చేయించిన పూటే పోయాడు. అప్పటినుంచి ఆమె చుట్టాల పిల్లలకు సైతం నీళ్లు పోయదు.

"పిల్లగాడు నీళ్లతోనే పోయిండని ఎవలు చూసిన్రు?" అన్నాడు లూకా.

"గదిప్పుడెందుకు?"

"ఎవలు చూడలే. నీ నీళ్లతోనే అని నువ్వే అనుకుంటున్నవ్. గందుకే అంటున్న."

విశ్రాంతమ్మ తన గ్లాసు గడప మీద పెట్టి పెరట్లోకి వెళ్లింది. ముట్టని ఆ టీ మీద మీగడ కట్టింది.