అన్నం చల్లారిన ప్రార్థన

ఆళ్లగడ్డలో నిర్మలమ్మ ఇంటి వరండాలో రోజూ సాయంత్రం నాలుగైదు ఇళ్లవాళ్లు చేరి బైబిలు చదువుకుంటారు. ఏ రోజుకు ఏ భాగమో గోడమీది చర్చి క్యాలెండరులో అచ్చయి ఉంటుంది. ఒకరు చదివాక, ఆ మాట తమతో ఏం మాట్లాడిందో తలా నాలుగు ముక్కలు చెప్తారు. ఎవరి సంగతి వాళ్లే చెప్పుకోవాలన్నది నిర్మలమ్మ పెట్టిన కట్టడి.

పరంజ్యోతి ఆ కట్టడికి లొంగే మనిషి కాదు. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన ఆయన ఏ భాగం చదివినా తిప్పి తిప్పి నంద్యాలలో ఉన్న అల్లుడు అజయ్ కుమార్ మీదికే తెచ్చేవాడు. యోనా ఓడెక్కి పారిపోయిన కథ వస్తే, "ఊరు మారితే దేవునికి కనపడమనుకునేటోళ్లు ఇప్పుడూ ఉండారు" అనేవాడు. బట్టతల ప్రవక్తను వెక్కిరించిన కుర్రవాళ్లను ఎలుగుబంట్లు చీల్చిన భాగం వచ్చిన రోజైతే ఆయన ముఖం వెలిగిపోయింది. "మన నల్లమలలో గూడా ఎలుగుబంట్లు ఉండాయి. పెద్దోళ్లను ఎగతాళి చేసేటోళ్లు గుర్తుపెట్టుకుంటే మేలు" అని బైబిలు మూశాడు.

ఇదంతా చూసి అందరికన్నా ఎక్కువ నవ్వుకునేది లీలావతి. బస్టాండు దగ్గర జాకెట్లు కుట్టే ఆమె వెనక వరసలో కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. తగువేమిటో ఆమెకు తెలుసు. ఈస్టరునాడు కూతురు దీవెన ఇంట్లో భోజనానికి ముందు పరంజ్యోతి ప్రార్థన మొదలుపెట్టాడు. అది ఎంతకూ తెమలలేదు. "మామా, అన్నం చల్లారిపోతాంది" అన్నాడు అల్లుడు. పరంజ్యోతి ఆమెన్ కూడా అనకుండా లేచి, చెప్పులేసుకుని బస్సెక్కాడు. వానలు పడి వెలిసినా మళ్లీ నంద్యాల గడప తొక్కలేదు.

ఒకరోజు క్యాలెండరు చూస్తుంటే శనివారం భాగం లీలావతి కంటబడింది. ప్రార్థనలో మాటలు పెంచవద్దని, ఎక్కువ మాట్లాడితేనే దేవుడు వింటాడనుకోవద్దని యేసు చెప్పిన చోటు అది. ఇంటికి పోయాక ఆమెకు మిషను మీద చేయి నిలవలేదు. దీవెనకు ఫోను చేసింది.

"శనివారం మీ ఆయన్ను పిల్చుకోని రామ్మా."

"ఆడ మా నాయన ఉంటాడు గదా అత్తా."

"ఉంటాడనే రమ్మంటాండా."

శనివారం అల్లుడు వరండా మెట్లెక్కడం చూసి పరంజ్యోతి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. "ఈ పొద్దు పరంజ్యోతన్న చదవల్ల. ఆయన గొంతు బాగుంటాది" అంది లీలావతి, ఏమీ ఎరగనట్టు.

ఆయన కండక్టరు గొంతుతో గట్టిగానే అందుకున్నాడు. ఎక్కువ మాటల దగ్గరికి వచ్చేసరికి గొంతు దిగింది, దగ్గు వచ్చింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. చదవడం ముగించి ఆయన అల్లుడివైపు చురుగ్గా చూశాడు, అనేదేదో అను అన్నట్టు. లీలావతి కొంగు సిద్ధం చేసుకుంది.

అజయ్ కుమార్ తల వంచుకునే మొదలుపెట్టాడు. "నా సంగతే చెప్తా. ఈస్టరు దినం నేనన్నింది తప్పే. ఆకలై అనలేదు. మామ ప్రార్థనలో అందరి పేర్లూ వచ్చినాయి. దీవెన పేరు, పాణ్యంలో చిన్నమ్మ పేరు, ఆమె బర్రె గూడా వచ్చింది. నా పేరు రాలేదు. చూసి చూసి నోరు జారినా."



"బర్రెకు బాగలేకుండె" అన్నాడు పరంజ్యోతి. ఎవరివైపూ చూడకుండా, "నీ పేరు ఆఖర్న పెట్టుకుంటి. నీ కోసం అడగాల్సింది శానా ఉండె. ఆడికొచ్చే లోపల నువ్వు అన్నం సంగతి ఎత్తితివి" అన్నాడు.

"ఆ ముక్క ఆ పొద్దే చెప్పొచ్చు గదా నాయనా" అంది దీవెన.

"ఎవరడిగినారు?"

ముందుగా నవ్వింది నిర్మలమ్మ. దాంతో వరండా అంతా నవ్వింది, అల్లుడితో సహా. లీలావతికి మాత్రం నవ్వు రాలేదు. తమాషా చూద్దామని కొంగు పట్టుకుని కూర్చున్న మనిషి ఆ కొంగుతోనే కళ్లు ఒత్తుకుంటోంది.

"లీలమ్మా, నీతో ఏం మాట్లాడినాడు దేవుడు?" అని అడిగింది నిర్మలమ్మ.

లీలావతి ఆ భాగం వారమంతా చదివింది గానీ, ఒక్కసారీ తన కోసం చదవలేదు. "నాతో ఇంగా మాట్లాడలేదమ్మా. ఈ పొద్దంతా ఈళ్లిద్దరితోనే సరిపాయె."

"నంద్యాలోళ్లను ఈడికి పిలిచింది ఎవరో దేవునికి తెలుసులే" అంది నిర్మలమ్మ. లీలావతి ముఖం పక్కకు తిప్పుకుంది.

చివరి ప్రార్థన పరంజ్యోతినే చేయమన్నారు. అల్లుడి పేరుతో మొదలుపెట్టాడు. అల్లుడి ఉద్యోగం గురించి, నంద్యాల రోడ్డులో లారీల మధ్య వాడు నడిపే బండి గురించి, వాళ్లమ్మ మోకాళ్ల నొప్పుల గురించి అడిగాడు. అంత తెలుసుకుని పెట్టుకున్నాడని ఎవరూ అనుకోలేదు. లీలావతి ఒక కన్ను తెరిచి చూసింది. అజయ్ కుమార్ ముక్కు ఎగబీలుస్తున్నాడు.

వీధిలో బండి దగ్గర పరంజ్యోతి కూతురితో, "రేపు ఆరాధన అయినాక వస్తాండా. మాంసం నేను తెస్తా, ఈయనకు ఏరడం రాదు" అన్నాడు.

"సరే మామా" అన్నాడు అజయ్ కుమార్, బండి స్టార్టు చేస్తూ.