ఈల వేసే వీపు

పొద్దున్నే కాఫీ తాగి గుడ్రూన్ పడవల కొట్టంలోకి వెళ్తుంది. బిగించిన కాన్వాసు మీద ఎడమచేతి వేలు ఆనించి, కుడిచేతి వేలితో దాని మీద తట్టి చూస్తుంది. నలభై ఏళ్లు ఈ ఫియోర్డు, కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన ఈ సముద్రపు పాయ, ఒడ్డు జనం ఛాతీల మీద తట్టిన వేళ్లవి. డాక్టరుగా రిటైరయ్యాక బొమ్మలు వేయడం పట్టుకుంది. ఆమె బొమ్మ వేసిన మనిషి ఎలా ఊపిరి తీస్తే బొమ్మా అలాగే తీస్తుంది. ఊళ్లో దానికెవరూ ఆశ్చర్యపోరు. రొట్టెల దుకాణం బెరిట్ మాత్రం, తను మధ్యాహ్నం కునుకు తీస్తే గోడ మీది బొమ్మ గురకపెట్టి కొనేవాళ్లకు చెప్పేస్తోందని, దాన్ని పిండి బస్తాల గదిలోకి మార్చింది.

అక్టోబరులో ఓడ్వార్ వచ్చాడు. అల్యూమినియం ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర ఇరవయ్యారేళ్లుగా పనిచేస్తున్నాడు. కొట్టానికి మెట్లు మూడే. మూడింటి దగ్గరా ఆగాడు. చేతిలో బీమా ఆఫీసు ఉత్తరం.

అతని జబ్బుకూ ఫ్యాక్టరీకీ సంబంధం లేదట. రుజువుగా పాత ఫైలులోని ఒక్క ముక్క చూపించారు: పొగతాగేవాడి దగ్గు. రాత గుడ్రూన్‌ది.

"పుట్టి బుద్ధెరిగి నేను సిగరెట్ ముట్టలేదు. నువ్వు అడగనే లేదు," అన్నాడు ఓడ్వార్.

"ఫ్యాక్టరీ డాక్టరు కాగితంలో అలా ఉంది."

"కాగితం చూశావు, నా మొహం చూడలేదు. ఇప్పుడు బొమ్మలు వేస్తున్నావుగా, కళ్లొచ్చాయా?"

ఆమెకు ఒళ్లు మండింది. అతని మీద కాదు. ఒక మనిషిని ఒక్క ప్రశ్న అడగడానికి బద్ధకించిన తన పెద్ద చదువు మీద.

"అప్పీలుకు ఎన్నాళ్లుంది?"

"రెండు నెలలు. అదీ పోతే చచ్చేదాకా కొలిమే. మానేస్తే జీతమూ లేదు, పింఛనూ లేదు."

"చొక్కా విప్పు."

"బొమ్మకా, పరీక్షకా?"

"విప్పమన్నాను."

వారం రోజులు అతని వీపు వేసింది. బూడిదరంగు చర్మం, ఒక్కో ఊపిరికీ లోపలికి పీక్కుపోయే పక్కటెముకలు. అయిపోయాక చెయ్యి తన అలవాటు కొద్దీ కింది మూలన రాసేసింది: పరీక్షించాను. తేదీ, సంతకం, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు. చూసుకుని తనను తాను తిట్టుకుంది. తుడవబోయి ఆగింది. బొమ్మ ఈల వేస్తోంది. అది ఓడ్వార్ డ్యూటీలో ఉన్న వేళ. అతని సెలవు రోజున చెవి ఆనించి వింది. ఈల లేదు, ఊపిరి ఒక్కటే.

మర్నాడే బొమ్మను బీమా ఆఫీసుకు పంపింది. అక్కడి గుమాస్తా రూనార్ ఫోన్ చేశాడు.

"మేం బొమ్మలు తీసుకోం."

"కింది మూల చూడు. ఆ నంబరు ఇంకా చెల్లుతుందా?"

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "చెల్లుతుంది."

"అయితే అది సర్టిఫికెట్టు. ఫైల్లో పెట్టుకో."

ఫైల్లో పట్టక గోడకు తగిలించారు. ఓడ్వార్ పనికెళ్లిన రోజు ఆ ఈలకు ఆఫీసులో ఫోన్ మాట వినపడేది కాదు. పై అధికారి మొదటి రోజు తలుపు వేసుకున్నాడు, రెండో రోజు బొమ్మ మీద దుప్పటి కప్పించాడు. దుప్పటి లేచి పడుతూ ఉంది. రెండో వారంలో పళ్లు కొరుక్కుంటూ ఓడ్వార్ డ్యూటీ పట్టిక తెప్పించి, ఈల వినపడ్డ రోజులు గుర్తుపెట్టిన గోడ క్యాలెండరు పక్కన పెట్టి చూసుకున్నాడు. ఒక్క రోజు కూడా తేడా లేదు.

జబ్బు కొలిమి వల్లే వచ్చిందని, పింఛను ఇస్తామని డిసెంబరులో ఉత్తరమొచ్చింది.

ఓడ్వార్ దాన్ని తెచ్చి చూపించాడు. ఈసారి మెట్ల మీద ఒక్కసారే ఆగాడు.

"నిన్ను క్షమించాననుకోకు."

"అడిగానా?"

గోడ వారగా ఖాళీ కాన్వాసులు పేర్చి ఉన్నాయి. ఒక్కోదాని వెనకా ఒక్కో పేరు. ఓడ్వార్ లెక్కపెట్టాడు. పదిహేడు. అన్నీ కొలిమి దగ్గరి వాళ్లవే, మొదటిది మాగ్నేది.

"వీళ్లందరికీ అదే రాశావా?"

"అదే రాశాను. వెళ్తూ వెళ్తూ మాగ్నేను పంపు."

"సిగరెట్ కాల్చేవాడా అని కనుక్కుని పంపనా?"

"వద్దు," అంది గుడ్రూన్. "అది నేనడగాలి."